పురిటికి వెళ్లొచ్చాక

కూతురి పురిటికని డాలస్ వెళ్లి ఆర్నెల్లు ఉండి వచ్చిన ఒక పెద్దావిడ ఈ వారం బెజవాడ ఇందిరాగాంధీ స్టేడియంలో మళ్లీ నడకకు దిగారు. రెండో రౌండుకే ఆయాసం వచ్చి కూలబడ్డారు. "అరవై దాటాక మానేస్తే ఇంతే వదినా, పోయింది ఇంక రాదు" అంది తోడొచ్చినావిడ. ఓదార్పుగా అన్న మాటే. అయినా ఈ కాలమ్‌కు అది వారమంతా మింగుడు పడలేదు.

పోవడం మాత్రం నిజం. అదే డాలస్‌లో 1966లో ఇరవై ఏళ్ల కుర్రాళ్లు ఐదుగురిని మూడు వారాలు మంచం దిగనివ్వకుండా ఉంచి పరీక్షించారు. ముప్ఫై ఏళ్ల తర్వాత మళ్లీ వాళ్లనే పరీక్షిస్తే, అంత వయసు తీసుకెళ్లిన దమ్ముకన్నా ఆ మూడు వారాల మంచం తీసుకెళ్లిందే ఎక్కువని తేలింది. కసరత్తు ఆగిన కొద్ది రోజులకే రక్తంలో ద్రవభాగం తగ్గుతుంది. గుండె కొట్టుకున్న ప్రతిసారీ పంపే రక్తమూ తగ్గుతుంది. మెట్ల మీద ఆయాసం మొదట అక్కడి నుంచే వస్తుంది.

ఆడవాళ్లకు ముట్లుడిగాక ఎముక లెక్క కూడా తోడవుతుంది. 55 నుంచి 70 ఏళ్ల అమెరికా స్త్రీలపై జరిగిన ఒక అధ్యయనం 1988లో వెలువడింది. నడక, పరుగు, మెట్లెక్కడం 22 నెలలు చేస్తే నడుము దగ్గరి వెన్నుపూసల్లో ఖనిజం ఆరు శాతం పెరిగింది. మానేసి 13 నెలలయ్యేసరికి అందులో మిగిలింది ఒక్క శాతం.

మన ఇళ్లలో పీట మీద కూర్చుని లేవడం తొడలకు రోజూ దొరికే కసరత్తు. పురిటికెళ్లిన అమ్మకు అక్కడ పీటా ఉండదు, బయట మంచు పడితే నడకా ఉండదు. పసిబిడ్డ, వంట, నిద్రలేని రాత్రులు ఉంటాయి.

అయితే డెల్టాలో ఇంకో లెక్క కనిపిస్తుంది. కాలవలు కట్టేసిన వేసవిలో గుడివాడ, పామర్రు వైపు వరి చేలల్లో పనుండదు. నీళ్లొదిలి, ఆకుమళ్లు ఎదిగి, చేలు దమ్ము చేశాక ఊడ్పుల ముఠాలు దిగుతాయి. మనవలున్న ఆడవాళ్లూ అందులో ఉంటారు. కుచ్చెళ్లు ఎగదోపి, పిక్కల్లోతు బురదలో వంగి, ఎడంచేత ఆకు కట్ట పట్టుకుని, కుడిచేత్తో నాలుగు మొక్కలు విడదీసి, వేళ్లతో బురదలోకి నొక్కుతూ వెనక్కి వెనక్కి జరుగుతారు. మొదటి రెండు మూడు రోజులు నడుం పట్టేస్తుంది, రాత్రి కాపడం తప్పదు. రోజులు గడిచేకొద్దీ అదే ఒళ్లు దారికొస్తుంది. వెనకబడిన మనిషికి పక్క మనిషి రెండు మొక్కలు ఎక్కువ ఊడ్చి వరస కలుపుతుంది. ఇది కూలి కోసం పడే కష్టం, మోకాళ్లను అరగదీసే కష్టం. దాన్ని వ్యాయామమని పొగడటం అన్యాయం. యంత్రాలు, వెదజల్లే పద్ధతి వచ్చి ఆ కూలీ తగ్గిపోతోంది. కానీ విరామమే శత్రువైతే ఏటా వేసవి తర్వాత ఈ ముఠాలు చేలోకి దిగగలిగేవే కావు.

అరవై ఏమిటి, బలం తొంభైకీ వస్తుంది. 1990లో బోస్టన్‌లోని ఒక వృద్ధాశ్రమంలో తొంభై ఏళ్ల చుట్టుపక్కల వాళ్లచేత ఎనిమిది వారాలు కాళ్లతో బరువులు ఎత్తించారు. తొడల బలం సగటున రెండున్నర రెట్లు దాటింది. నాలుగు వారాలు మానేస్తే మూడో వంతు దాకా జారింది, అదీ నిజమే. ఒకసారి సాధన చేసిన కండ మాత్రం రెండోసారి తొందరగానే పుంజుకుంటుంది.

ఎక్కువమంది చెడగొట్టుకునేది తిరిగొచ్చిన మొదటి వారంలోనే. ఊరు విడిచేనాటి వేగంతోనే మొదలుపెడతారు, మోకాలు వాచి మానేస్తారు. పాత రౌండ్లలో సగం, పాత వేగంలో సగం చాలు. చేతులు ఆన్చకుండా కుర్చీలోంచి పదిసార్లు లేవడం నడకకు ముందే మొదలవ్వాలి. బీపీ, షుగరు ఉన్నవాళ్లు డాక్టరుకు చెప్పి దిగాలి. గుండెల్లో బరువనిపిస్తే వెంటనే ఆగాలి.

ఇక పురిటికి పిలిచే కూతుళ్లు, అల్లుళ్లు. రోజుకు అరగంట బిడ్డను మీరెత్తుకోండి. మంచు పడుతుంటే దగ్గర్లోని మాల్‌లో దింపినా సరే, అమ్మను నడవనివ్వండి.