మసకలో మేనత్త

మా అన్నయ్య కొడుకు కోదాడలో ఫొటో స్టూడియో నడుపుతాడు. ఈమధ్యనే కొత్త డిఎస్ఎల్ఆర్ కెమెరా ఒకటి కొన్నాడు. దాంతో మొట్టమొదట తీసిన పెళ్లి మిర్యాలగూడలో మావాళ్లదే. ఆ వీడియో పట్టుకుని ఒక ఆదివారం సూర్యాపేటలో మా ఇంటికొచ్చాడు.

"అత్తా, నువ్వు నవలలు రాస్తవు గదా. మంది రాసినవాట్ల తప్పులు గూడ పడ్తవు. మొహమాటం లేకుంట చెప్పు, బొమ్మ ఎట్లుంది?" అన్నాడు.

మొహమాటం లేకుండా చెప్పమనేవాళ్లకి కావలసింది మెచ్చుకోలేనని నా అనుభవం. అయినా టీ పెట్టి ఇచ్చి, టీవీ ముందు కూర్చున్నాను.

బాగుంది. నిజంగానే బాగుంది. తెల్లవారుజాము ముహూర్తం. వెనకటి వీడియోవాళ్లయితే పెళ్లికూతురి కళ్లు బైర్లు కమ్మేలా లైటు కొట్టేవారు. ఇందులో ఆ లైటు లేదు. ఉన్న వెలుతురులోనే చెంపమీది పసుపు కూడా తెలుస్తోంది. ఫొటోలు తీసే ఇలాంటి కెమెరాతో వీడియో కూడా తీయొచ్చని 2008లో నికాన్ డి90 చూపించింది. అదే ఏడాది వచ్చిన కానన్ 5డి మార్క్ 2 బొమ్మని 1920 చుక్కల వెడల్పుకి, 1080 చుక్కల ఎత్తుకి పెంచింది. 2011లో రాంగోపాల్ వర్మ 'దొంగల ముఠా' సినిమాని ఇలాంటి కెమెరాలతో ఐదు రోజుల్లో తీసేశారు. ఇప్పుడు లోపల అద్దం లేని కెమెరాలొచ్చి వీటిని వెనక్కి నెట్టేస్తున్నాయిగానీ, మావాడి స్తోమతకి అందింది ఇదే.

ఇక లోపాలు. కెమెరాని గబుక్కున పక్కకి తిప్పినప్పుడల్లా ఫంక్షన్ హాలు స్తంభాలు ఒరిగిపోతున్నాయి. కల్లు తాగాయేమో అనుకున్నాను. బొమ్మని ఒక్కసారిగా కాక పైనుంచి కిందికి వరసవరసగా చదువుతుందట. చదవడం పూర్తయ్యేలోపల స్తంభం జరిగిపోతుందన్నమాట! సన్నగళ్ల పట్టుచీరల మీద లేని రంగులు అలలు అలలుగా పాకుతున్నాయి. నేత సన్నదనం కెమెరా చుక్కల సన్నదనాన్ని మించితే వచ్చే తంటా ఇది. అందులో ఉన్న మైకు బ్యాండుమేళాన్ని తప్ప ఇంకెవర్నీ వినిపించనివ్వలేదు.

ఇవన్నీ క్షమించొచ్చు. మెల్లగా తిప్పితే స్తంభాలు నిలబడతాయి. వేరే మైకు పెడితే మాటలు వినిపిస్తాయి.

జీలకర్ర బెల్లం దగ్గరికొచ్చేసరికి నేను కుర్చీలో ముందుకి జరిగాను. పెళ్లికూతురి వెనకే మా మేనత్త కూర్చుందని నాకు గుర్తు. ఎనభై దాటిన మనిషి. మోకాళ్ల నొప్పులతో వద్దన్నా వినకుండా, ఇద్దరు పట్టుకుంటే మండపం ఎక్కి కూర్చుంది. పెళ్లయిన నెల్లాళ్లకి పోయింది.

తెరమీద పెళ్లికూతురి వెంట్రుకలు ఒక్కొక్కటీ లెక్కపెట్టొచ్చు. వెనక ఆకుపచ్చటి మసక ఒకటి కదులుతోంది. ఆ చీర నేను పెట్టిందే కాబట్టి గుర్తుపట్టాను.

"చూసినవా అత్తా, వెనకంత ఎట్ల బ్లర్ అయిందో! అచ్చం సినిమా లెక్క లేదా?" అన్నాడు వాడు సంబరంగా.

"ఆ మసకే మిర్యాలగూడ అమ్మమ్మరా" అన్నాను.

వాడు రిమోటు అందుకుని ఆపేశాడు.

అప్పుడు నా పెళ్లి వీడియో పెట్టి చూపించాను. 2001 నాటిది. క్యాసెట్టు బూజుపట్టకముందే కంప్యూటరులోకి ఎక్కించుకున్నాం. ఎరుపు పక్కకి కారిపోతుంటుంది, అడుగున గీతలు వణుకుతుంటాయి, ఉండుండి ఆకాశంలోంచి గులాబీలు రాలుతుంటాయి. కానీ విస్తళ్లు లెక్కపెట్టుకుంటున్న నాన్న, కుర్చీలో కునుకు తీస్తున్న మామయ్య, ఎవరి చెవిలోనో ఏదో చెప్పి నోటికి చెయ్యడ్డం పెట్టుకుని నవ్వుతున్న మేనత్త, అందరూ కనిపిస్తారు.

అది ఆనాటి వీడియో అతని గొప్పతనమేమీ కాదు. ఆ కెమెరాలో బొమ్మ పడే పలక వేలిగోరంత కూడా ఉండదు. అందుకని దగ్గరివీ దూరంవీ దాదాపు ఒకేలా కనిపించేవి. ఈ కొత్తదాంట్లో పలక తపాలా బిళ్లంత. లెన్సు కంటిపాప బాగా తెరిస్తే ముందున్న మనిషే తేట, వెనకంతా మసక. ఎఫ్ 1.8 నుంచి ఎఫ్ 8కి పాపని మూస్తే వెనకవాళ్లూ తేటపడతారు. కాకపోతే లోపలికొచ్చే వెలుతురు దాదాపు 20 రెట్లు తగ్గిపోతుంది. నేను మెచ్చుకున్న ఆ మెత్తటి వెలుతురూ, మా మేనత్తని మింగిన ఈ మసకా ఒక్క కంటిపాపలోంచే వచ్చాయి!

సినిమాలో వెనక నిలబడేవాళ్లు రోజుకూలికి వచ్చినవాళ్లు. మసకైపోయినా ఎవరూ అడగరు. పెళ్లిలో వెనకున్నవాళ్లే చుట్టాలు. అందుకే నా తీర్పు ఇదీ: బొమ్మ ఫస్టు క్లాసు, పెళ్లి వీడియో థర్డు క్లాసు.

"తాళి కట్టేప్పుడు నీ ఇష్టమొచ్చినట్టు మసక పెట్టుకో. తలంబ్రాలయ్యాక మాత్రం హాల్లో లైట్లన్నీ వేయించి, ఆ పాప మూసి, కుర్చీల వరసలన్నీ మెల్లగా తిరిగి తియ్యి" అన్నాను.

"అట్ల తీస్తే పాత వీడియో లెక్క అయితది గదత్తా. ఎవరు మెచ్చుకుంటరు?"

"ఈ ఏడాది ఎవరూ మెచ్చుకోరు. ఇరవై ఏళ్లు పోనీ."

వాడేం మాట్లాడలేదు. మిర్యాలగూడ పెళ్లి ముక్కని మళ్లీ పెట్టమని నేను అడగలేదు, వాడే పెట్టాడు. ఆకుపచ్చ మసక కాసేపు అటూ ఇటూ కదిలింది. పక్కకి వంగి, చెయ్యి నోటి దగ్గరికి తీసుకెళ్లినట్టయింది.

ఎవరి చెవిలోనో ఏదో చెప్పే ఉంటుంది.