‘ది గోల్’ నవలయందలి ఉత్పత్తిక్రమము: ఒక పరిశీలనము

కర్మాగార నిర్వహణమును కథారూపమున బోధించిన గ్రంథములలో ఎలియాహు గోల్డ్‌రాట్, జెఫ్ కాక్స్ గార్లు 1984లో ప్రకటించిన ‘ది గోల్’ మిక్కిలి ప్రసిద్ధము. మూడు నెలలలో మూతపడనున్న ఒక అమెరికా కర్మాగారమును ఆలెక్స్ రోగో అను అధికారి నిలువబెట్టుటయే ఇందలి కథ. షోలాపురమందలి మన పద్మశాలి కుటుంబములకు ఈ కథ పరాయిది కాదు. నూలు, అద్దకము, పడుగు, నేత, కుట్టు వేర్వేరు యజమానుల చేతులలో నడచు దుప్పట్ల, తువాళ్ల పరిశ్రమలో సరకు వేళతప్పుట యెట్టిదో వారెఱుగుదురు.

నవలలో నాకు మిక్కిలి నచ్చిన ఘట్టము బాలుర అడవినడక. హెర్బీ అను స్థూలకాయుడు మెల్లగా నడచుటచే వరుస యంతయు సాగిపోవుచుండును. రోగో అతనిని ముందు నిలిపి, అతని సంచిలోని బరువును తక్కినవారికి పంచగా నడక వేగమందుకొనును. ఎంతటి కర్మాగారమైనను తన మందగొండి యంత్రము వేగముననే సాగునను సూత్రము ఇంతకంటె సులభముగ బోధపడదు. పిదప రోగో కూతురు డోలు కొట్టుమనియు, కుమారుడు త్రాడు కట్టుమనియు సూచించుట ముచ్చటగా నున్నది.

అయితే ఆ బరువును తక్కిన బాలురేల మోసిరి? అందఱును చేరవలసిన విడిది యొక్కటే; ఆజ్ఞ యిచ్చువాడును ఒక్కడే. నా అభ్యంతర మిచటనే. కొలిమి పనిని వెలుపలివారి కిచ్చు ప్రస్తావన నవలలో వచ్చును గాని, ఆ వెలుపలివాడు ధరగా మాత్రమే కనబడును. వానికిని వేరు గిరాకులు, వేరు వరుస యుండునని కథ తలపదు.

ఒక అద్దకపు యజమాని మువ్వురు మగ్గములవారికి నూలు అద్దుచున్నాడనుకొందము. లేతరంగులు ముందు, ముదురురంగులు వెనుక వేయుట అతనికి లాభము. నలుపు వేసిన తొట్టిలో పసుపు వేయవలెనన్న దానిని కడుగవలెను. నీరును వేళయు వ్యయమగును. కాని ఒక మగ్గములవానికి నలుపు నూలే ముందు కావలెను. నలుపు ముందు వేసిన అద్దకమువానికి 2 గంటల నష్టము. వేయకున్న 12 మగ్గములు ఒక పూట నిలుచును, మగ్గమాగిన నేతగాని కూలియు ఆగును. మొత్తము లెక్కలో నలుపే ముందని గణకయంత్రము క్షణములో తేల్చును. ఆ 2 గంటల వెల ఎవరిత్తురో చెప్పని లెక్కను అద్దకమువాడేల మన్నించును?

1954లో ఎస్. ఎమ్. జాన్సన్ గారు రెండు యంత్రములమీదుగా సాగు పనులకు ఉత్తమక్రమమును నిర్ణయించు నియమమును ప్రకటించిరి. అందును పనుల కాలములే గలవు, యజమానులు లేరు. గణితజ్ఞుని తప్పుపట్టరాదు, నవలాకారుని మాత్రము అడుగవచ్చును.

గోల్డ్‌రాట్ గారి నిజాయితీని కాదనలేము. రోగో ప్రవేశపెట్టిన ఎఱ్ఱచీటీల పద్ధతివలన పచ్చచీటీల సరకు వెనుకబడి క్రొత్తచిక్కు వచ్చినట్లు కథయే ఒప్పుకొనుచున్నది. పలువురు యజమానుల నడుమ నిర్ణయమునకు తోడ్పడు యంత్రమునకు వేఱొక గుణము కూడ కావలెను. ఏ షావుకారును తన ఖాతాపుస్తకమును పొరుగువానికి చూపడు. కావున అది పుస్తకము నడుగక, ఈ సరకును ముందుకు జరిపిన మీకేమి ముట్టవలెనని మాత్రమే ఒక్కొక్కరి నడిగి, ఆ మొత్తమును కోరినవానికి తెలుపవలెను.