అద్దంకి రాయి, మెనాండర్ తునక

అద్దంకి అంటే మిర్చి కల్లాలు, పత్తి బోరాలు, గుండ్లకమ్మ. పద్యం పిచ్చి ఉన్నవాళ్లకు మాత్రం ముందు గుర్తొచ్చేది ఒక రాయి. గుణగ విజయాదిత్యుడి సేనాని పండరంగడి విజయాలు చెప్పే శాసనం అది, క్రీ.శ. 848 నాటిది. పన్నెండు బోయకొట్టాలు పట్టడం, కందుకూరును బెజవాడంత చేయడం అందులో ఉన్నాయి. శాసనాల్లో అక్షరాలు రాయి వెడల్పును బట్టి సాగుతాయి, పాదం ఎక్కడ ముగిసిందో రాయికి పట్టదు. కంటికి అంతా వచనమే. అందులో తరువోజ పద్యం ఉందని పోల్చింది కొమర్రాజు లక్ష్మణరావు.

పట్టిచ్చినవి ప్రాస, యతి. రెండో అక్షరంగా నాలుగు పాదాల్లోనూ ‘ట్ట’ వస్తుంది. తరువోజ పాదానికి మూడు ఇంద్రగణాలు, ఒక సూర్యగణం, మళ్లీ అదే వరస. మొదటి గణం తొలి అక్షరంతో మూడు, అయిదు, ఏడు గణాల తొలి అక్షరాలు పొత్తు కుదరాలి. ఇక్కడ మొదటి పాదంలో ఆ చోట్ల ప, ప్ర, బ, బై ఉన్నాయి. నాలుగు మేకులు కొట్టి బిగించిన పలక. మేకు ఉన్న చోట ఒక అక్షరం పెచ్చులూడినా, అది ఏ వర్గానిదో మిగతా మూడూ చెప్పేస్తాయి.

గ్రీకు హాస్యనాటక కర్త మెనాండర్ మనకు తిరిగి దక్కడంలోనూ ఛందస్సుది పెద్ద చెయ్యి. క్రీస్తుకు ముందు నాలుగో శతాబ్దం చివర ఆయన వందకు పైగా నాటకాలు రాశాడు. తర్వాతి కాలపు లేఖకులు వాటిని ఎత్తి రాయడం మానేశారు. ఇతరులు ఉదహరించిన ముక్కలే మిగిలాయి. 1905లో ఈజిప్టులో గుస్తావ్ లెఫెవ్ర్ తవ్వకాల్లో, ఆరో శతాబ్దపు వకీలు డియోస్కోరస్ ఇంట దస్తావేజుల జాడీ ఒకటి దొరికింది. మనం ఆవకాయ జాడీకి వాసెన కట్టినట్టు దాని పైన కప్పిన పాత కాగితాలు మెనాండర్ నాటకాలు!

కాగితాలంటే పపైరస్. తుంగజాతి మొక్క కాడను చీల్చి, లోపలి బెండును పేళ్లుగా కోసి, ఒక వరస నిలువుగా, దాని మీద ఇంకో వరస అడ్డంగా పరిచి అదిమితే తయారయ్యేది. మన తాటాకు మీద గంటం గీరుతుంది, మసి ఆ గీతలోకి దిగుతుంది. పపైరస్ మీద రెల్లుకలం సిరా పైపైనే ఉంటుంది, రాలిపోతుంది. అయితే ఆ నారలు మేలు చేస్తాయి. రెండు తునకలు ఒకే ఆకువా కాదా అన్నది తేల్చడానికి, ఒకదాని నార రెండోదానిలోకి సాగిందా అని వెలుతురులో పెట్టి చూస్తారు. చీర చిరుగు దగ్గర పోగు కలిపినట్టే.

రాతలో మాటకూ మాటకూ ఎడం లేదు. మాట్లాడే మనిషి మారితే వరస మొదట, కింద ఒక చిన్న గీత. వరస మధ్యలో సరిగ్గా మారిన చోట రెండు చుక్కలు. పాత్ర పేరు చాలాసార్లు ఉండదు. మన రాయబారం సీనులో పద్యం మొత్తం ఒకరే ఎత్తుకుని ఒన్స్‌మోర్ కొట్టించుకుంటారు. అక్కడ పన్నెండు అక్షరాల పాదాన్నే ఇద్దరు ముగ్గురు పంచుకుని తిట్టుకుంటారు. చుక్కలు చెరిగితే తిట్టిందెవరో, తిన్నదెవరో తెలియదు.

పురుగు తిన్న చోట పూరించాలంటే ముందు గణం చూడాలి. కొన్ని స్థానాల్లో గురువు పడదు, కొన్నిట్లో ఏదైనా సరే. గురువుకు బదులు రెండు లఘువులు వేసుకునే వెసులుబాటు కూడా ఉంది, మన ఇంద్రగణాలు ఎరిగినవాళ్లకు ఇది కొత్తేం కాదు. పెట్టిన మాట రంధ్రం వెడల్పుకు సరిపోవాలి, అంచున మిగిలిన సిరా మరకకు అతకాలి, ఆ పాత్ర నోట పలకాలి. ఇన్నీ కుదిరినా పరిష్కర్త దాన్ని బ్రాకెట్లోనే పెడతాడు, అనుమానపు అక్షరం కింద చుక్క పెడతాడు. నాకు అన్నిటికన్నా నచ్చిన పనితనం ఆ చుక్క.

1958లో అచ్చయిన మెనాండర్ నాటకం ‘డిస్కొలోస్’ దాదాపు పూర్తిగా దొరికింది. అయిదు అంకాలు. అంకానికీ అంకానికీ మధ్య ఒక్కటే మాట, ‘ఖొరూ’, అంటే బృందానిది. వాళ్లేం పాడారో, ఎలా ఆడారో మెనాండర్ రాయలేదు. అక్కడ పూరించడానికి పాదమే లేదు.