రహీం సాబ్ శిక్షణ

బంతి కాలికి తగలకముందే ఎటు పంపాలో తేల్చుకోవాలి. సయ్యద్ అబ్దుల్ రహీం నేర్పిన ఫుట్‌బాల్ అంతా ఈ ఒక్క సూత్రమే. ఆయన హైదరాబాద్‌లో బడిపంతులు. 1950 నుంచి 1963లో కన్నుమూసేదాకా సిటీ పోలీసు జట్టుకు కోచ్, దేశం జట్టుకూ కోచ్.

వాటం లేని కాలితోనే ఆడాలని ఒక పోటీ పెట్టేవారు. డ్రిబ్లింగ్ చేయకూడదని ఇంకో పోటీ. పిల్లల ఆటలా అనిపిస్తుంది, కానీ ఆడి చూడండి! కుడికాలు వాడొద్దంటే ఒంటి బరువు ఎటు వేయాలో తోచదు. డ్రిబ్లింగ్ వద్దంటే తలెత్తి తోటి ఆటగాడు ఎక్కడున్నాడో చూడక తప్పదు. ఇలా తయారైన సిటీ పోలీసు జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్పు గెలిచింది. కలకత్తా అంటేనే భారత ఫుట్‌బాల్ అని రాసేవాళ్లతో నా పేచీ ఇక్కడే!

1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో మనవాళ్లు చాలామంది వట్టి కాళ్లతో ఆడి యుగోస్లావియా చేతిలో 10-1తో ఓడారు. హంగేరీ ఆట చూసి రహీం ఎత్తుగడలు మార్చారంటారు. నాలుగేళ్లకే మెల్‌బోర్న్‌లో నెవిల్ డిసౌజా హ్యాట్రిక్‌తో ఆస్ట్రేలియాను 4-2తో వాళ్ల సొంతగడ్డ మీదే ఓడించి, ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచాం. ఆ జట్టులో సికింద్రాబాద్ అమ్ముగూడ కుర్రాడు తులసీదాస్ బలరాం ఉన్నాడు. ప్రాక్టీసుకు రావడానికి అతనికి సైకిలు అద్దె రహీం సాబే ఇచ్చేవారని చెబుతారు.

అన్నిటికన్నా గొప్పది 1962 జకార్తా ఆసియా క్రీడలు. డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు కుట్లు పడ్డాయి. బయట కూర్చోబెట్టడానికి బదులు రహీం అతన్ని సెంటర్ ఫార్వర్డ్‌గా దింపారు! ఫైనల్లో దక్షిణ కొరియా మీద పి.కె. బెనర్జీ ఒక గోలు, జర్నైల్ ఒక గోలు. 2-1తో బంగారం. అప్పటికే రహీంను క్యాన్సర్ తినేస్తోంది. మరుసటి ఏడు జూన్‌లో పోయారు. ఆ తర్వాత ఆసియా క్రీడల ఫుట్‌బాల్ బంగారం మనకు దక్కలేదు, 1960 తర్వాత ఒలింపిక్స్‌లో మన జట్టు ఆడనే లేదు.

ఇప్పుడేమో రంగు జెర్సీ, నాలుగు ప్లాస్టిక్ కోన్లు, నెలనెలా ఫీజు ఉంటే చాలు, అకాడమీ అయిపోతుంది. పిల్లవాడికి ఎడమకాలు ఆడుతుందా అని అడిగే నాథుడు లేడు. కోన్ల చుట్టూ పరుగెత్తించి వీడియో తీసి తల్లిదండ్రులకు పంపితే దాన్ని కోచింగ్ అనాలా? మా జడ్చర్లలో రహదారి పొడవునా వెంచర్ల రాళ్లు పాతుకుంటూ పోతుంటే, పిల్లలు ఆడే జాగా ఏటేటా చిక్కిపోతోంది. రహీం పేరు 2024లో ‘మైదాన్’ సినిమా వచ్చాక గానీ చాలామందికి తెలియలేదు. అదీ హిందీ సినిమా! మన హైదరాబాద్ మనిషి గురించి మనం ఎప్పుడో చెప్పుకోవాల్సింది.

జడ్చర్ల, మహబూబ్‌నగర్ బడుల పీఈటీ సార్లకు నా విన్నపం. ఈ ఏడు మండల స్థాయిలో ఎడమకాలి పోటీ ఒక్కటి పెట్టండి. ఒక బంతి, ఖాళీ గ్రౌండు ఉంటే సరిపోతుంది. కప్పుకు రహీం సాబ్ పేరు పెట్టండి.