పలుచని బట్టలో తప్పు దాగదు

సిరిసిల్ల పేరెత్తితే చాలామంది నోట మొదట వచ్చేది అగ్గిపెట్టె చీర. నల్ల పరంధాములు చేనేత మగ్గం మీద నేసి, మడిచి, అగ్గిపెట్టెలో పెట్టి చూపించిన పట్టుచీర అది. ఆయన తర్వాత కొడుకు విజయ్ ఆ పని అందుకున్నాడు. 2022 జనవరిలో హైదరాబాద్‌లో మంత్రుల ముందు ఆ చీరను పెట్టెలోంచి తీసి చూపించాడు. చేత్తో నేస్తే ఆరు రోజులు, పన్నెండు వేలు. యంత్రం మీదైతే రెండు రోజులు, ఎనిమిది వేలు అని పత్రికలు రాశాయి. వార్త అక్కడితో ఆగింది. నేతలో చూడాల్సిన సంగతి అక్కణ్నుంచే మొదలవుతుంది.

పట్టు పోగు ఎంత సన్నమో డెనియర్లలో చెబుతారు. తొమ్మిది వేల మీటర్ల పోగు ఎన్ని గ్రాములు తూగితే అన్ని డెనియర్లు. మామూలు పట్టుచీరకు ఇలాంటి పోగులు కొన్నింటిని కలిపి పురి వేస్తారు కాబట్టి దారానికి బలం వస్తుంది, చీరకు బరువు వస్తుంది. పిడికిట్లో ఇమిడే చీర కావాలంటే ఆ బలాన్ని వదులుకోవాలి. నలభై ఏడు అంగుళాల పన్నాకు అంగుళానికి అరవై పోగులనుకున్నా పడుగులో రెండు వేల ఎనిమిది వందల పైచిలుకు పోగులు. ప్రతిదాన్నీ అచ్చులోంచి, దువ్వెనలాంటి పన్నె సందులోంచి తీసి కట్టాలి. ఎండాకాలం పొడిగాలికి పట్టు పెళుసెక్కుతుంది. పోగు తెగితే అంత సన్నదాన్ని వెతికి పట్టుకుని, ముడివేసి, మళ్లీ దాని సందులోకే పంపాలి. ఆ ముడి కూడా కనపడకూడదు.

ఇక పన్నె దెబ్బ. గట్టిగా కొడితే పేక దగ్గరికి జరిగి బట్ట మందమవుతుంది, అగ్గిపెట్టె మూత పడదు. మెల్లగా కొడితే నేత వదులై, కట్టుకున్నప్పుడు పోగులు జరిగి సందులు పడతాయి. ఈ రెండింటి మధ్య ఒకే తూకంలో దెబ్బ వేయాలి, అదీ అంచు నుంచి అంచుదాకా, చీర మొదలు నుంచి కొంగుదాకా. మందపాటి జరీచీరలో నేతకారుడి చిన్న పొరపాటు బుటా కిందో, అంచు మెరుపులోనో దాక్కుంటుంది. ఇక్కడ దాక్కునే చోటే లేదు. నా లెక్కలో ఈ చీర గొప్పతనం పెట్టెలో పట్టడం కన్నా, పెట్టెలోంచి తీసి వెలుతురుకు ఎత్తిపట్టినా నిలబడడంలో ఉంది.

ఇదే ఊరి యెల్ది హరిప్రసాద్‌ది మరో దారి. జీ-20 చిహ్నాన్ని స్వయంగా నేసి ప్రధాని నరేంద్ర మోదీకి పంపాడు. 2022 నవంబర్ 27న ‘మన్ కీ బాత్’లో ప్రధాని ఆ సంగతి చెప్పారు. మగ్గానికి తెలిసింది అడ్డం, నిలువు. గుండ్రం తెలియదు. ఆ చిహ్నంలో ఉన్నదేమో తామర రేకులు, భూగోళం, అక్షరాలు. ఇలాంటి బొమ్మ బట్ట మీదికి రావాలంటే ముందు గళ్ల కాగితం మీద గడి గడిగా విడగొట్టాలి. వంపు మెట్లుగా మారుతుంది. మెట్టు ఎంత చిన్నదైతే కంటికి అంత వంపుగా కనిపిస్తుంది, మెట్టు చిన్నది కావాలంటే పోగు సన్నం కావాలి. అంటే మళ్లీ పరంధాములు పడ్డ తిప్పలే. (తెలుగు అక్షరాలు నేయాలంటే మరీ కష్టం, మనవన్నీ గుండ్రాలాయె.) 1839లో ఫ్రాన్సులోని లియోన్ నేతగాళ్లు జాకార్డ్ మగ్గం కనిపెట్టిన మనిషి ముఖచిత్రాన్ని పట్టు మీద నేశారు. ఒక్క బొమ్మకు ఇరవై నాలుగు వేల చిల్లుల అట్టలు పట్టాయి. లోకం దాన్ని కళాఖండమని మ్యూజియాల్లో పెట్టుకుంది. సిరిసిల్ల పనిని మనం ఇంకా వింతల పేజీలో వేస్తున్నాం.

అయితే ఊరు బతికేది ఈ చీరల మీద కాదు, సాంచెల మీద. సాంచెలంటే మరమగ్గాలు. అవి వేలల్లో, వాటి మీద ఎక్కువగా పాలిస్టర్ బట్ట, పిక్కుల (పేక పోగుల) లెక్కన కూలి. వార్పిన్, వైపని కార్మికులు బీములు నింపి, పోగులు అతికి ఇస్తేనే సాంచె కదులుతుంది. 2017లో మొదలైన ప్రభుత్వ బతుకమ్మ చీరల పని కోసం, సాదా బట్టకు అలవాటుపడ్డ సాంచెలకు డాబీ పరికరాలు బిగించి అంచులు, డిజైన్లు తీశారు. చెవులు గింగురుమనే చప్పుడులో ఒకేసారి కొన్ని సాంచెలను కనిపెడుతూ, ఎక్కడ పోగు తెగిందో వెంటనే పట్టడం కూడా పనితనమే. దానికి శాలువాలు కప్పరు. ఆ ఇళ్లలోనే ఆడవాళ్లు చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతుంటారు. ఆ వేళ్ల వేగం చూసినవాళ్లకు నేను చెప్పక్కర్లేదు.

చిన్నదాంట్లో ఎక్కువ పట్టించే గుణం ఈ ప్రాంతపు మాటలోనూ ఉంది. జగిత్యాల మనిషి అలిశెట్టి ప్రభాకర్ బొమ్మలు గీశాడు, ఫోటోలు తీశాడు, కవిత్వం రాశాడు. జగిత్యాలలో పూర్ణిమ, కరీంనగర్‌లో శిల్పి, హైదరాబాద్‌లో చిత్రలేఖ, ఇవీ ఆయన స్టూడియోలు. నాలుగైదు పొట్టి పాదాల్లో కవిత ముగించేవాడు, ఒక్క మాట ఎక్కువైనా చెడిపోయేంత బిగువుగా. పుట్టినరోజైన జనవరి 12నే, 1993లో క్షయతో పోయాడు.

సిరిసిల్ల వెళ్తే అగ్గిపెట్టె చీర తప్పక అడిగి చూడండి. దాంతోపాటు ఏదో ఒక షెడ్డులో సాంచె మీదున్న బట్ట అంచునూ వెలుతురుకు పెట్టి చూడండి, నేసినవాణ్ని నాలుగు ప్రశ్నలు అడగండి. కొనేటప్పుడు మాత్రం బేరం ఆడకండి.