రెడిస్ నడిపేవాళ్ల పనితనం
డేటా అంతా మెమరీలోనే ఉంచేద్దాం అనుకోవడం తేలిక. కరెంటు పోతే ఏం చేయాలన్నదే అసలు పని. సిసిలీకి చెందిన సాల్వతోరె సాన్‌ఫిలిప్పో 2009లో విడుదల చేసిన, డేటాను మెమరీలో ఉంచే రెడిస్ అనే డేటాబేస్‌లో నాకు వేగం కంటే ఈ జాగ్రత్తే నచ్చుతుంది. అడిగితే, జరిగిన ప్రతి మార్పునూ కిరాణా కొట్టు చిట్టాలా ఒక ఫైలు చివర రాసుకుంటూ పోతుంది. ఆ రాతను సెకనుకోసారి డిస్కుకు ఎక్కించమంటే, యంత్రం ఆగినా పోయేది దాదాపు ఒక సెకను డేటా. షాపింగ్ కార్టుకైతే ఫర్వాలేదు. బ్యాంకు లావాదేవీకి ఆ సెకను కూడా ఎక్కువే. ఎక్కడ ఎంత తెగించాలో తేల్చేది మాత్రం దాన్ని నడిపే ఇంజినీరే.

రెడిస్‌లో ఆదేశాలన్నీ ఒకే థ్రెడ్‌లో వరసగా నడుస్తాయి. లాకుల గొడవ లేదు. కానీ కోట్ల కీలు (డేటాకు పెట్టిన పేర్లు) ఉన్న సర్వర్‌లో ఎవరో తెలియక, వాటన్నిటినీ వెతికే ‘కీస్’ ఆదేశం కొట్టారా, అందరూ ఆగాల్సిందే! (అది కొట్టనివ్వకుండా ముందే కట్టడి చేసేవాళ్లంటే నాకు గౌరవం.)

ఒక్క సర్వర్ చాలనప్పుడు డేటాను చాలా సర్వర్లకు పంచే క్లస్టర్‌లో కీలన్నీ 16,384 స్లాట్లలో సర్దుకుంటాయి. కొత్త సర్వర్ చేరితే కొన్ని స్లాట్లను, సేవ ఆపకుండానే, అటు తరలిస్తారు. తరలిపోయిన కీ కోసం పాత సర్వర్‌ను అడిగితే, అది కొత్త చిరునామా చెప్పి పంపిస్తుంది.