తెలుగు బ్రెయిలీ ప్రతిలో పదవిభజన: పంక్తి, పుట నియమాల విమర్శనాత్మక పరిశీలన

అచ్చు తెలుగులో పంక్తి నిండగానే పదాన్ని ఏదో ఒక అక్షరం దగ్గర విరిచి, చిన్న గీతయినా లేకుండా కిందికి దించడం దినపత్రికల్లో నిత్యం కనిపించేదే. కన్ను ఆ విరుపును గమనించకుండానే దాటిపోతుంది. చదివేది వేలికొన అయినప్పుడు ఆ సౌకర్యం ఉండదు. వేలికి ఒకసారికి ఒక గడి మాత్రమే అందుతుంది. పక్కన ఏముందో, కింద ఏముందో ముందుగా తెలియదు. కాబట్టి బ్రెయిలీ ప్రతిలో పదాన్ని ఎక్కడ విరవాలన్నది ముద్రణాలంకారానికి సంబంధించిన విషయం కాదు, అర్థగ్రహణానికి సంబంధించినది. ఇంగ్లీషు బ్రెయిలీ సంప్రదాయంలో ఒక పదాన్ని రెండు పుటలకు పంచకూడదన్న కట్టడి ఉంది. దాన్ని తెలుగుకు యథాతథంగా దించుకుంటే సరిపోతుందా అన్నది ఇక్కడి ప్రశ్న.

1951లో రూపుదిద్దుకున్న భారతీ బ్రెయిలీలో గుణింతపు గుర్తులు, ఒత్తులు విడిగా లేవు. హల్లు తరువాత అచ్చు మరో గడిలో వస్తుంది. ‘భువనగిరి’ అచ్చులో ఐదక్షరాలు; బ్రెయిలీలో భ, ఉ, వ, న, గ, ఇ, ర, ఇ అని ఎనిమిది గడులు. గడులను మాత్రమే లెక్కించే యంత్రం ఐదో గడి దగ్గర పంక్తిని ముగిస్తే పై పంక్తిలో ‘భువనగ’, కింది పంక్తిలో ‘ఇరి’ మిగులుతాయి. పాఠకుడు మొదట ‘గ’ అని చదువుకుని, తరువాత దాన్ని ‘గి’గా దిద్దుకోవాలి. అచ్చులో ఇటువంటి తప్పుకు అవకాశమే లేదు, గుడిని ‘గ’ నుంచి ఎవరూ విడదీయలేరు గనుక. అంటే అచ్చులో లిపి స్వరూపమే కాపాడుతున్న హద్దును బ్రెయిలీలో నియమం కాపాడవలసి ఉంటుంది. ‘భువన’ దగ్గర విరిస్తే ఏ చిక్కూ లేదు. సమాసపు అతుకూ అక్కడే ఉంది.

‘నల్లగొండ’ దగ్గర సమస్య మరింత ఆసక్తికరమవుతుంది. భారతీ బ్రెయిలీలో పొల్లు గుర్తు, అంటే నాలుగో చుక్క, హల్లుకు ముందు వస్తుంది. కనుక వరుస ఇలా ఉంటుంది: న, పొల్లు, ల, ల, గ, ఒ, సున్న, డ. పొల్లు తరువాత విరిస్తే కింది పంక్తి ‘లల’తో మొదలవుతుంది, ఆ గుర్తు పై పంక్తి చివర అనాథగా మిగిలిపోతుంది. దీన్ని ఎవరూ సమర్థించరు. కానీ రెండు లకారాల మధ్య విరిస్తే? పైన ‘నల్’, కింద ‘లగొండ’. అచ్చుకు ఇది అసాధ్యం, ఉచ్చారణకు సహజం. ద్విత్వానికి ముందున్న ‘న’ గురువు కావడానికి కారణం కూడా ఈ ‘నల్’ అనే పలుకే. నియమం లిప్యక్షరాన్ని అనుసరించాలా, పలుకును అనుసరించాలా? పలుకు పక్షానికి ధ్వనిశాస్త్ర బలం ఉన్నా, బడిలో గుణింతాలతో, ఒత్తులతో తెలుగు నేర్చిన విద్యార్థికి ‘ల్ల’ ఒకే అక్షరం. అతడు వర్ణక్రమాన్ని చెప్పవలసింది అచ్చు చదివే సహాధ్యాయులకే. అందువల్ల లిప్యక్షరమే ప్రమాణం కావడం మేలు. సమాసపు అతుకు స్పష్టంగా ఉన్నచోట, ‘నల్ల-గొండ’లో వలె, ముందు దాన్నే ఎంచుకోవాలి. ‘విద్యాలయం’ వంటి సవర్ణదీర్ఘాల్లో అతుకు అచ్చులోనే కరిగిపోయింది గనుక అక్షరపు హద్దే శరణ్యం.

పంక్తి చివర పదాన్ని అసలు విరవకపోవడమే సులువని వాదించేవారికి తెలుగు పదాల పొడవే సమాధానం. ముప్పై గడుల పంక్తిలో పదహారు గడుల పదం పట్టక కిందికి దిగితే సగం పంక్తి ఖాళీ అవుతుంది. సంధులతో, ప్రత్యయాలతో పెరిగే భాషలో ఇది అరుదైన సంఘటన కాదు. బ్రెయిలీ పుస్తకం అసలే అచ్చు పుస్తకం కంటే ఎన్నో రెట్లు బరువైనది.

పుట చివర మాత్రం ఈ పొదుపు వాదం నిలవదు. అక్కడ కలిసివచ్చేది పుటకు కొన్ని గడులు. పోయేది మాత్రం ఎక్కువ. రెండు చేతులతో చదివేవారిలో కుడిచేయి పంక్తిని ముగిస్తుండగానే ఎడమచేయి తరువాతి పంక్తి మొదలును పట్టుకుంటుంది. పుట తిప్పవలసినప్పుడు ఆ వంతెన తెగిపోతుంది. సగం పదాన్ని జ్ఞాపకంలో పెట్టుకుని చేతులు కాగితాన్ని వెదకాలి. ఇంగ్లీషు కట్టడిని మినహాయింపు లేకుండా స్వీకరించదగిన చోటు ఇదొక్కటే.

మినహాయింపు కోరేది పద్యం. వృత్తంలో పాదం చివర పదం విరగడం కవి చేసిన పని, ప్రతికర్తది కాదు. ఉత్పలమాల పాదంలో ఇరవై అక్షరాలు. గడుల్లోకి మారితే నలభై దాటడం మామూలే. అప్పుడు పాదం రెండు పంక్తులకు పారుతుంది. పాదాంతపు విరుపుకూ, చోటు చాలక చేసిన విరుపుకూ ఒకే గుర్తు పెడితే, లేదా రెండింటికీ గుర్తే పెట్టకపోతే, విద్యార్థి గణవిభజన చేయలేడు. సురవరం ప్రతాపరెడ్డి 1934లో 354 మంది కవులతో వెలువరించిన గోలకొండ కవుల సంచిక వంటి గ్రంథాన్ని బ్రెయిలీలోకి తెచ్చే పరిశోధకునికి ఇది మొదటి పుటలోనే ఎదురయ్యే చిక్కు. చోటు చాలక విరిచినచోట అడ్డగీత పెట్టి, మిగిలిన భాగాన్ని రెండు గడులు లోపలికి జరపడం. పాదాంతంలో గీత లేకుండా కొత్త పాదాన్ని అంచు నుంచే మొదలుపెట్టడం ఒక మార్గం. నాలుగో పాదం పుట దాటేటట్లయితే పద్యాన్ని మొత్తంగా తరువాతి పుటకు దించవచ్చు. అక్కడ కాగితం ఖర్చును లెక్కించడం న్యాయం కాదు.

పాఠ్యపుస్తకంలో ఇంకొక పుట కూడా ఉంది: అచ్చుపుట. అధ్యాపకుడు తరగతిలో చెప్పేది దాని సంఖ్యనే. అచ్చుపుట పదం మధ్యలో మారితే, పుటమార్పు గుర్తును అదే చోట చొప్పిస్తే పదం రెండు ముక్కలవుతుంది. పదం పూర్తయ్యాకే ఆ గుర్తు పెడితే సంఖ్య రెండు మూడు అక్షరాలు ఆలస్యమవుతుంది, అంతే. లిబ్‌లూయీ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్ తెలుగు యూనికోడ్‌ను చుక్కల్లోకి మార్చగలదు. కానీ అక్షరమార్పిడి వేరు, పుట అమరిక వేరు. రెండోదానికి తెలుగు అక్షరపు హద్దు ఏదో చెప్పే పట్టికను తెలుగు శాఖలే తయారుచేసి ఇవ్వాలి.